జంతువుల చదువు: వరంగల్ చెరువుకట్ట నుంచి యూనివర్సిటీ దాకా

ప్రతి ఏడూ రిజల్ట్స్ వచ్చాక ఇంటర్ బైపీసీ పూర్తయిన పిల్లలు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఎంబీబీఎస్ సీటు అందలేదు, ఫార్మసీ మీద మనసు లేదు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక పిల్లలు తల దించుకుని అసలు మాట చెప్తారు: "నాకు జంతువులంటే ఇష్టం సార్." ఆ మాటకు తల దించుకోవాల్సిన పనే లేదు. హనుమకొండలో ఇన్నేళ్లుగా జువాలజీ చెప్తున్నాను. ఆ ఇష్టాన్ని చదువుగా ఎట్లా మార్చుకోవాలో నాకు తెలిసినంత వరకు వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. జంతు జీవశాస్త్రం, ప్రవర్తన, సంక్షేమం మూడింటినీ కలిపి ఒకే డిగ్రీగా బ్రిటన్ లాంటి దేశాల్లో చెప్తారు. మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఆ పేరుతో డిగ్రీ దొరకదు. జీవశాస్త్రం జువాలజీలో ఉంటుంది. ప్రవర్తన ఆ జువాలజీలోనే ఒక చిన్న భాగం. సంక్షేమం కొంత వెటర్నరీలో, కొంత చట్టాల్లో ఉంటుంది. ఈ ముక్కలను కూర్చుకునే పని మీదే. కష్టమే, కానీ మన జిల్లాల్లో కూర్చున్నవాళ్లకు ఒక పెద్ద వసతి ఉంది. చూడాల్సిన జంతువులన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి.

మొదటి మెట్టు: మీ ప్రశ్న ఏదో తేల్చుకోండి

మే నెల మధ్యాహ్నం వడ్డేపల్లి చెరువులోనో మీ ఊరి చెరువులోనో మెడదాకా మునిగి ఉన్న బర్రెను ఊహించుకోండి. దాని చర్మం ఎట్లా ఉంటుంది, ఒంటి వేడి ఎట్లా అదుపులో ఉంటుంది అని అడిగితే అది జీవశాస్త్రం. అది నీళ్లలోకి ఎప్పుడు దిగుతుంది, ముందు ఏ బర్రె దిగుతుంది, ఎంతసేపు ఉంటుంది అని అడిగితే అది ప్రవర్తన. చెరువు లేని ఊళ్లో, రేకుల కొట్టంలో కట్టేసిన బర్రె సంగతేంటి, దాని బాధను ఎట్లా కొలుస్తాం అని అడిగితే అది సంక్షేమం.

ఈ మూడింటిలో ఏ ప్రశ్న మిమ్మల్ని రాత్రి కూడా వదలదో చూసుకోండి. జబ్బుపడ్డ జంతువును చేత్తో పట్టి నయం చేయాలన్నదే మీ కోరిక అయితే జువాలజీ మీ దారి కాదు. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం 1984 ప్రకారం రిజిస్టర్ అయిన వెటర్నరీ డాక్టరే వైద్యం చేయాలి. ఎమ్మెస్సీ జువాలజీ చేసి క్లినిక్ పెట్టలేరు. ఇది తెలియక మూడేళ్లు చదివాక బాధపడ్డ పిల్లలను చూశాను.

రెండో మెట్టు: సీటు

వెటర్నరీ వైపు వెళ్లాలంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనే పశువైద్య డిగ్రీ ఉంది. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. రాష్ట్రంలో దాన్ని నడిపేది పీవీ నరసింహారావు తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ. రాజేంద్రనగర్‌తో పాటు మన వైపు వరంగల్ దగ్గర మామునూరులో, జగిత్యాల జిల్లా కోరుట్లలో దాని కాలేజీలు ఉన్నాయి. అఖిల భారత కోటా కింద ఉన్న 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు కావాలి. రాష్ట్ర కోటా సీట్లకు ఏ ర్యాంకు తీసుకుంటారు, ఎప్పుడు అప్లై చేయాలి అన్నది మాత్రం ఆ సంవత్సరం యూనివర్సిటీ ఇచ్చే ప్రకటనలోనే చూడండి. పక్కింటి వాళ్ల మాట మీద ఆధారపడి గడువు దాటించుకోకండి. పదో తరగతి తర్వాతే ఈ రంగంలోకి రావాలనుకుంటే రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా కూడా ఉంది.

జువాలజీకి దోస్త్ ద్వారా డిగ్రీ సీటు తీసుకోవాలి. 2016 నుంచి రాష్ట్రంలో దాదాపు అన్ని డిగ్రీ కాలేజీలకూ ఆ ఆన్‌లైన్ దారే. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ తీసుకుంటే బీజెడ్సీ. హనుమకొండలో సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, కాకతీయ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, అమ్మాయిలకు వడ్డేపల్లిలో పింగళి ప్రభుత్వ కాలేజీ, కరీంనగర్‌లో ఎస్సారార్ కాలేజీ ఉన్నాయి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక రోజు ఆ కాలేజీకి వెళ్లండి. జువాలజీ ల్యాబ్ చూపించమని అడగండి. మైక్రోస్కోపుల మీద దుమ్ము ఉందా, పిల్లలను బయటికి ఫీల్డ్ ట్రిప్‌కు తీసుకెళ్లి ఎన్నాళ్లయింది అన్నవి చూడండి. గేటు దగ్గరి ఫ్లెక్సీ కన్నా ఆ దుమ్మే ఎక్కువ చెప్తుంది.

అడవి వైపు మనసున్న వాళ్లకు ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. ఇది మన మేడారం ఉన్న ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. పేరు చూసి పొరబడేవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు.

మూడో మెట్టు: నోట్‌బుక్

నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. సీటు రాకముందే, రేపే మొదలుపెట్టొచ్చు.

చిన్నప్పుడు సెలవుల్లో మా మేనమామ మంద వెంట వెళ్లేవాణ్ని. గొర్రెలు కాయడమే ఆయన పని, బడికి పోలేదు. ఒక పొద్దు నూట ఇరవై గొర్రెల్లో ఒకదాన్ని కర్రతో చూపించి, "బిడ్డా, అది నెమరేస్తలేదు చూడు. పొద్దుగూకేసరికి మూలుగుతది" అన్నాడు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. సాయంత్రానికి ఆ గొర్రె మంద వెనక పడిపోయింది. ఆయనకు కనిపించింది నాకెందుకు కనిపించలేదు అన్న ప్రశ్నే నన్ను జువాలజీకి తీసుకొచ్చింది. మామకు తెలిసిందాన్ని ఇంకొకరు కూడా చూసి సరిచూసుకునేలా రాయడమే ప్రవర్తన శాస్త్రంలో మొదటి పని.

ఎట్లా రాయాలి? ఒక జాతిని ఎంచుకోండి. పులి వద్దు, కనిపించదు. గొర్రె, మేక, బర్రె, వీధికుక్క, కోతి, కొంగ, వీటిలో ఏదైనా సరే. మొదటి మూడు రోజులు ఏమీ కొలవకండి. రోజుకు గంట కూర్చుని, అది చేసే ప్రతి పనినీ మామూలు మాటల్లో రాయండి. నాలుగో రోజు ఆ పనుల జాబితా తయారుచేయండి. దీన్నే ఎథోగ్రామ్ అంటారు. ప్రతి పనికి ఒక నిర్వచనం ఉండాలి. నా విద్యార్థిని ఒకరు గొర్రెలకు రాసింది ఇది:

మేత: మూతి గడ్డికో ఆకుకో తాకి ఉంది, దవడ కదులుతోంది. మూతి కిందే ఉంచి అడుగు వేసినా మేతే.
నెమరు: తల లేచి ఉంది, నోట్లో కొత్తగా ఏమీ పెట్టలేదు, దవడ పక్కకు కదులుతోంది. ముద్ద మింగి ఇంకో ముద్ద పైకి తెచ్చుకునే మధ్య విరామం కూడా నెమరే.
నిఘా: నిలబడి ఉంది, దవడ ఆగింది, చెవులు రెండూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

ఇందులో 'కోపంగా ఉంది', 'భయపడింది', 'బద్ధకంగా ఉంది' అన్న మాటలు లేవు. అవి మన ఊహలు. కంటికి కనిపించింది చెవులు, మూతి, కాళ్లు, తోక. వాటినే రాయాలి. జంతువులకు భయం ఉండదని నేను అనడం లేదు, తప్పకుండా ఉంటుంది. కానీ ముందే భయం అని రాసేస్తే ఆ గొర్రె ఏం చేసిందో చదివేవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

జాబితా అయ్యాక కొలత. కోతుల్లాంటి ప్రైమేట్‌లను అధ్యయనం చేసిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ కొలతల పద్ధతులను విడదీసి చెప్పారు. ఇప్పటికీ అందరూ ఆ వ్యాసం నుంచే మొదలుపెడతారు. మీకు రెండు పద్ధతులు చాలు. ఒకటి స్కాన్. ఐదు నిమిషాలకొకసారి మంద మీద ఎడమ నుంచి కుడికి చూపు తిప్పి, ఏ గొర్రె ఆ క్షణంలో ఏం చేస్తోందో గీత పెట్టడం. పన్నెండు గొర్రెలను రెండు గంటలు ఇట్లా చూస్తే 24 స్కాన్లు, 288 గీతలు. రెండోది ఫోకల్. ఒక్క గొర్రెనే పది నిమిషాలు కన్నార్పకుండా చూసి, చేసిన ప్రతి పనినీ టైముతో రాయడం. మంద తన సమయాన్ని ఎట్లా పంచుకుంటుందో స్కాన్ చెప్తుంది. ఒకదాన్నొకటి పొడుచుకోవడం, నాకడం లాంటి క్షణకాలపు పనులు స్కాన్‌లో జారిపోతాయి, అవి ఫోకల్‌లోనే దొరుకుతాయి.

ఏ గొర్రెను చూడాలో చీటీలు తీసి ఎంచుకోండి. లేకపోతే కన్ను ఎప్పుడూ గంతులేసే పిల్ల మీదికే పోతుంది. ఇక ప్రతి పేజీ పైన తేదీ, మొదలుపెట్టిన టైము, ఎండా మబ్బా, ఎవరు చూశారు అన్నవి తప్పక ఉండాలి. ఫోన్‌లో వీడియో తీసి తర్వాత లెక్కపెట్టాలంటే బోరిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా మొదటి నెల పెన్నుతోనే రాయమని నా సలహా. వీడియో ఉందన్న ధీమాతో కళ్లు సోమరులవుతాయి.

నా తప్పు ఒకటి చెప్తాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు హాస్టల్ వెనక వీధికుక్కలను నేనూ నా మిత్రుడూ పొద్దున ఒకరం, సాయంత్రం ఒకరం మూడు వారాలు చూశాం. అన్నీ కలిపితే పొద్దున ఆట ఎక్కువ, సాయంత్రం కొట్లాట ఎక్కువ అని వచ్చింది. మంచి ఫలితమే దొరికిందని సంబరపడ్డాం. ఒక రోజు ఇద్దరం ఒకేసారి కూర్చుంటే బయటపడింది. ఒక కుక్క ముందుకాళ్లు నేలకు వంచి నడుము పైకెత్తి, తర్వాత ఇంకోదాని మెడ పట్టుకుంటే నేను ఆట అని రాస్తున్నాను. మెడ పట్టుకోగానే అతను కొట్లాట అని రాస్తున్నాడు. తేడా కుక్కల్లో లేదు, మాలో ఉంది. మూడు వారాల కాగితాలు పక్కన పడేశాం.

అందుకని మొదటి వారమే ఇద్దరు కలిసి ఒకే జంతువును, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయండి. వంద గీతల్లో 82 కలిశాయనుకోండి. బాగుందనిపిస్తుంది. కానీ గొర్రెలు ఎక్కువసేపు మేస్తూనే ఉంటాయి కాబట్టి కళ్లు మూసుకుని మేత అని రాసినా చాలా గీతలు కలుస్తాయి. అట్లా ఊరికే కలిసేవి వందకు 55 అయితే, 82లోంచి 55 తీసేసి, మిగిలిన 27ను వందలో మిగిలిన 45తో భాగించాలి. 0.6 వస్తుంది. దీన్ని కోహెన్ కప్పా అంటారు. 0.6 అంటే పర్వాలేదు. 0.8 దాటే దాకా నిర్వచనాలు దిద్దుకోండి.

ఇంకొక మాట. ఒకే బర్రెను వందసార్లు చూస్తే వంద బర్రెలను చూసినట్టు కాదు. డిగ్రీ ప్రాజెక్టుల్లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ఎన్ని జంతువులు, ఒక్కోదాన్ని ఎన్నిసార్లు అన్న రెండు అంకెలనూ విడిగా రాయండి.

నాలుగో మెట్టు: ఎందుకు అన్న ప్రశ్నను నాలుగుగా విడగొట్టండి

జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గన్ 1963లో చెప్పిన పద్ధతి ఇది. ఆయన, కాన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్ కలిసి 1973లో నోబెల్ అందుకున్నారు. జంతు ప్రవర్తనను చూసి రాసినందుకు వచ్చిన నోబెల్ అది. ఇంట్లో "జంతువులను చూస్తే ఏమొస్తది" అని అడిగేవాళ్లకు చెప్పండి.

మళ్లీ మన బర్రె దగ్గరికి వద్దాం. అది నీళ్లలోకి ఎందుకు దిగుతుంది? మొదటి జవాబు, ఒంట్లో ఏం జరుగుతోంది అన్నదానికి: నల్ల చర్మం ఎండను పీల్చుకుంటుంది, ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు చాలా తక్కువ, అందుకని చెమటతో చల్లబడలేదు. రెండోది, ఈ అలవాటు పుట్టాక ఎట్లా వచ్చింది: దూడ తల్లి వెంట దిగుతుందా, ఒంటరిగా పెరిగిన దూడ కూడా దిగుతుందా? ఇది మీ ఊళ్లోనే చూడగలిగిన ప్రశ్న. మూడోది, దీనివల్ల దానికేం మేలు: చల్లదనం, పైగా ఒంటికి పట్టిన బురద ఈగలను, జోరీగలను ఆపుతుంది. నాలుగోది, వంశంలో ఎక్కడినుంచి వచ్చింది: దీని పూర్వీకులు నది ఒడ్డు బురద నేలల్లో బతికిన అడవి నీటిబర్రెలు. అవి ఇప్పుడు ఎక్కువగా అస్సాంలో ఉన్నాయి. భూపాలపల్లి వైపు గోదావరి దాటి వెళ్తే ఛత్తీస్‌గఢ్ ఇంద్రావతి అడవుల్లోనూ కొద్దిగా మిగిలాయి. మనం అడవిదున్న అని పిలిచేది వేరే జాతి. రెండూ ఒకటే అనుకుని సెమినార్లో చెప్పకండి.

ఈ నాలుగు జవాబులూ ఒకదానికొకటి పోటీ కాదు. వైవాలో "వేడి వల్ల దిగుతుంది" అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయే విద్యార్థికి, నాలుగూ విడదీసి చెప్పే విద్యార్థికి తేడా ఎగ్జామినర్‌కు నిమిషంలో తెలుస్తుంది.

ఇట్లాంటి ప్రశ్నలకు ఉత్తర తెలంగాణ మంచి నేల. కోతుల సంగతే చూడండి. తోక పొట్టిగా, వెనకభాగం ఎర్రటి చాయలో ఉండేది రీసస్ కోతి. తోక ఒంటికన్నా పొడుగ్గా, నెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలు ఉండేది బానెట్ కోతి. పాత లెక్కల ప్రకారం గోదావరికి ఉత్తరాన రీసస్, దక్షిణాన బానెట్. కొన్ని దశాబ్దాలుగా రీసస్ దక్షిణానికి పాకుతోంది. మీ ఊరి గుడి దగ్గరున్నవి ఏవో, ఎన్నో, మగవెన్ని, ఆడవెన్ని అన్నది రాసిపెడితే అదే డిగ్రీ ప్రాజెక్టుకు సరిపోయే విషయం. కోతుల బెడదకు నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో పునరావాస కేంద్రం పెట్టారు. అక్కడ కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుతారు. తిరిగొచ్చిన కోతిని గుంపు ఎట్లా చేరదీస్తుంది అన్నది ప్రవర్తన చదివేవాళ్లు అడగాల్సిన ప్రశ్న.

ఐదో మెట్టు: జాలిని కొలతగా మార్చండి

జంతువు మీద జాలి ఉండటం మంచిదే. దానితోనే ఈ చదువుకు వస్తాం. అయితే రైతు దగ్గరికి వెళ్లి "పాపం మీ బర్రె బాధపడుతోంది" అంటే ఆయన నొచ్చుకుంటాడు, బర్రెకు ఏమీ ఒరగదు. ఏం కొలిచారో చూపిస్తే వింటాడు.

బ్రిటన్‌లో 1965లో బ్రాంబెల్ కమిటీ ఫారాల్లో పెంచే జంతువుల స్థితి మీద నివేదిక ఇచ్చింది. దానిలోంచే తర్వాత ఐదు స్వేచ్ఛలు అన్న మాట వచ్చింది. ఆకలి దప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, జబ్బుల నుంచి, భయం, వేదనల నుంచి విముక్తి, ఇంకా తన సహజమైన పనులు చేసుకునే స్వేచ్ఛ. మన సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు కేసులో ఇచ్చిన తీర్పులో వీటిని ప్రస్తావించింది. 1994లో డేవిడ్ మెల్లర్, రీడ్ అనే శాస్త్రవేత్తలు వీటిని ఐదు రంగాల నమూనాగా మార్చారు. పోషణ, పరిసరాలు, ఆరోగ్యం, ప్రవర్తన అన్న నాలుగూ కలిసి ఐదోదైన జంతువు మనఃస్థితిని తయారుచేస్తాయని ఆ నమూనా చెప్తుంది. పరీక్షకు ఐదు స్వేచ్ఛలు చాలు. పనికి మాత్రం ఐదు రంగాలే నయం, ఎందుకంటే బాధ లేకపోవడంతో ఆగకుండా జంతువుకు హాయి ఉందా అని కూడా అడగొచ్చు.

కొట్టంలో చేయగలిగిన కొలతలు కొన్ని చెప్తాను. ఒంటి పుష్టి స్కోరు: పక్కటెముకలు, తుంటి ఎముకలు ఎంత బయటికి కనిపిస్తున్నాయో చూసి ఒకటి నుంచి ఐదు దాకా వేస్తారు. ఊపిరి: డొక్క ఎగిరిపడటాన్ని నిమిషం పాటు లెక్కపెట్టడం. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు నీడలో కట్టేసిన పదింటిని, రేకుల కింద కట్టేసిన పదింటిని లెక్కపెట్టి పక్కపక్కన రాయండి. గాయాలు: మెడ తాడు ఒరుసుకుపోయిన చోటు, మోకాళ్ల మీద వెంట్రుకలు రాలిన చోటు. ఇక నాకు బాగా నచ్చేది దూరం కొలత. బర్రెకు ఎదురుగా నిలబడి, చెయ్యి కొంచెం ముందుకు చాచి, నెమ్మదిగా అడుగులో అడుగు వేస్తూ వెళ్లండి. అది తల వెనక్కి తీసుకున్న క్షణంలో మీ చేతికీ దాని మూతికీ మధ్య ఎంత దూరమో రాసుకోండి. రోజూ కర్రతో అదిలించే చోట, రోజూ గోకి మేత వేసే చోట ఈ దూరాలు ఎట్లా ఉంటాయో మీరే చూడండి.

కొలిచాక రైతుకు చెప్పేటప్పుడు ఆయన చేయగలిగిందే చెప్పండి. కొట్టం కూల్చి కట్టమనడం కాదు. రేకుల మీద వరిగడ్డి పరచడం, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు చల్లడం, తాడు నాలుగు మూరలు పొడిగించడం లాంటివి.

ఆరో మెట్టు: మీ భద్రత, చట్టం

కుక్కలతో, కోతులతో పని చేయాలంటే ముందే రేబిస్ టీకా గురించి డాక్టరును అడిగి వేయించుకోండి. కరిస్తే పసుపు, కారం పెట్టొద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు వెళ్లండి. గర్భం పోయిన పశువు పిండాన్ని, మాయను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కాచని పాలు తాగొద్దు. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు అట్లానే అంటుకుంటుంది.

జంతు హింస నివారణ చట్టం 1960, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, వీధికుక్కల కోసం 2023లో వచ్చిన జనన నియంత్రణ నియమాలు, ఈ మూడూ ఒకసారి చదవండి. పాఖాల, ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్లో పని చేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అది చేతికొచ్చే దాకా లోపలికి వెళ్లొద్దు. గూడు ఫోటో కోసం కొమ్మ వంచొద్దు. మేం చదివే రోజుల్లో కప్పను కోసి రికార్డు రాసేవాళ్లం. 2014లో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ జువాలజీ కోర్సుల్లో జంతువులను కోయడం ఆపమంది. అందువల్ల చదువు తగ్గిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. బతికున్న కప్ప దగ్గర వానాకాలం రాత్రి ఒక గంట కూర్చున్నవాడికి కప్ప ఎక్కువ తెలుస్తుంది.

మూడూ కలిసే చోటు: రాబందుల కథ

ఈ మూడు చదువులూ ఒకటే అని నాకు నమ్మకం కలిగించిన కథ మన దగ్గరిదే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. ఆ రాతి అంచుల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టినట్టు 2013లో అటవీశాఖ వాళ్లు గుర్తించారు. ఒకప్పుడు ప్రతి ఊరి బొందల దగ్గర కనిపించిన పక్షి ఇట్లా ఒక గుట్టకు ఎందుకు పరిమితమైంది?

కారణం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే సూది మందు అది. మందు వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందుకు కిడ్నీలు పాడై చనిపోతుంది. ఇది జీవశాస్త్రం. రాబందులు ఒంటరిగా తినవు, ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ దిగుతాయి. అందుకే వంద కళేబరాల్లో ఒక్కటి కన్నా తక్కువలో మందు ఉన్నా జాతి మొత్తం కుప్పకూలింది. ఇది ప్రవర్తన. ఇక ఆ సూది వేసిన రైతు చేసింది తప్పా? తన పశువు నొప్పి తగ్గించాలనుకున్నాడు. అది సంక్షేమం. నొప్పి తగ్గాలి, రాబందు బతకాలి. దానికి జవాబు కూడా పరిశోధనలోంచే వచ్చింది: మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని పరీక్షించి చూపించారు. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా నిషేధించారు. మీ ఊరి మెడికల్ షాపులో పశువులకు ఏ మందు ఇస్తున్నారో మర్యాదగా అడిగి తెలుసుకోవడం కూడా మీ చదువులో భాగమే.

ఏడో మెట్టు: డిగ్రీ తర్వాత

రాష్ట్రంలో ఎమ్మెస్సీ జువాలజీకి సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. కాకతీయ యూనివర్సిటీ, కరీంనగర్ శాతవాహన మన దగ్గర ఉన్నాయి. వన్యప్రాణుల వైపు అయితే డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఎమ్మెస్సీలు ఉన్నాయి. సీట్లు కొద్దే. అక్కడి ఇంటర్వ్యూల్లో మార్కుల కన్నా మీ నోట్‌బుక్కే మాట్లాడుతుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ అంతరించిపోతున్న జాతుల మీద పని చేస్తోంది. ప్రాజెక్టుకు మెయిల్ పెట్టేటప్పుడు "దయచేసి అవకాశం ఇవ్వండి" అని మూడు పేరాలు రాయకండి. ఏం చూశారో, ఎన్ని గంటలు చూశారో రెండు వాక్యాల్లో రాయండి. చట్టం మీద ఆసక్తి ఉంటే నల్సార్ లా యూనివర్సిటీలో జంతు రక్షణ చట్టాల పీజీ డిప్లొమా ఉంది.

ప్రవర్తన, సంక్షేమాలనే పూర్తిగా చదవాలంటే ఎడిన్‌బరా యూనివర్సిటీ ఎమ్మెస్సీ పేరున్నది. డబ్బు పెద్ద ప్రశ్న. బీసీ పిల్లలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ పేరిట ఉన్న ఓవర్సీస్ విద్యానిధి పథకాల్లో 20 లక్షల దాకా సాయం ఉంది. ఆదాయ పరిమితి, మార్కుల శాతం, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు చూస్తారు కాబట్టి డిగ్రీ మూడో ఏడులోనే కాగితాలు సిద్ధం చేసుకోండి. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడతారు. నేను చేయించేది ఒకటే: ప్రతి కొత్త ఇంగ్లిష్ పదానికి పక్కన, మీ ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా ఒక తెలుగు వాక్యం రాయడం. ఆ వాక్యం రాయలేకపోతే ఆ పదం ఇంకా అర్థం కాలేదన్నమాట.

చివరి మెట్టు: చూసింది తిరిగి చెప్పండి

ప్రాజెక్టు రిపోర్టు కాలేజీలో ఇచ్చాక మీరు ఎవరి జంతువులను చూశారో వాళ్ల దగ్గరికి వెళ్లి తెలుగులో చెప్పండి. ఇది సిలబస్‌లో లేదు. అయినా వదలొద్దు.

గొర్రెల నెమరు మీద నేను తర్వాత రాసిన లెక్కలను మా మామకు చదివి వినిపించాను. పొద్దున ఎంత, మధ్యాహ్నం నీడలో ఎంత, సాయంత్రం ఎంత. ఆయన బీడీ ఆర్పి అంతా విన్నాడు. "మరి రాత్రి లెక్క ఏది బిడ్డా? నెమరు ఎక్కువ ఏసేది రాత్రే గదా" అన్నాడు. నా దగ్గర రాత్రి లెక్క లేదు. ఆ వారాంతంలో టార్చికి ఎర్ర జెలాటిన్ కాగితం చుట్టి, దొడ్డి పక్కన మంచం వేసుకుని, రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి నాలుగు దాకా పావుగంటకొక స్కాన్ చొప్పున గీతలు పెట్టాను. రెండు గంటలప్పుడు పడుకున్న గొర్రెల్లో సగానికి పైగా దవడలు కదులుతూనే ఉన్నాయి.